వేసవియు, పసిబిడ్డల తల్లియు



రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మనవారందురు. ఆ దినములలో ఊరిలో అందఱికిని పని కొంత తగ్గును. పొలములలో పైరు ఉండదు. మిట్టమధ్యాహ్నము ఎద్దునైనను కాడికి కట్టరు. మగవారు భోజనము ముగించి వేపచెట్టు క్రిందికో, రచ్చబండ మీదికో చేరుదురు. పొద్దు వాలువఱకు వారిని ఎవరును పని అడుగరు. ఇది సోమరితనము కాదు; మన పూర్వులు ఎండను ఎఱిగి ఏర్పఱచుకొన్న నియమము.

కాని ఈ నియమము వర్తింపని మనిషి ప్రతి యింటను ఒకతె కలదు. ఆమె పసిబిడ్డల తల్లి. ఎండ ముదిరినకొలది అందఱి పనియు తగ్గగా ఆమె పని మాత్రము పెరుగును. నేను పల్లెలోనే ముగ్గురు బిడ్డలను పెంచితిని. ఇప్పుడు మనుమలను చూచుచున్నాను. ఇన్ని వేసవులు గడచిన పిమ్మట నాకు తోచినది ఒక్కటి. వేసవిలో బిడ్డను కాపాడు ఉపాయములు చాలవఱకు తల్లి చేతిలోనే ఉన్నవి. కాని వానిని ఆచరించుటకు కావలసిన సెలవు ఇంటి పెద్దల చేతిలో ఉన్నది. కావుననే ఈ ప్రసంగమును తల్లులకు గాక మీకు వినిపించుచున్నాను.

మొదట, పసిబిడ్డకు ఎండ ఎందుకు అంత త్వరగా తగులునో చూతము. పెద్ద గుండిగలో నీరు కాగుటకు చాలసేపు పట్టును. చిన్న గిన్నెలో నీరు ఇట్టే కాగును. బిడ్డ దేహము చిన్న గిన్నె వంటిది. వాని బరువుతో పోల్చినచో చర్మము వైశాల్యము ఎక్కువ. అందుచేత బయటి వేడి లోనికి త్వరగా ఎక్కును. చెమట పోసి చల్లబడు శక్తి పెద్దవారికున్నంత వానికి లేదు. పుట్టిన బిడ్డ బరువులో నూటికి సుమారు 75 పాళ్లు నీరే. ఆ నీటిలో కొంచెము తగ్గినను వాడు వాడిపోవును. అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి. దాహమైనదని వాడు చెప్పలేడు. లేచి కుండ దగ్గఱకు పోలేడు. వాని దాహమును మఱియొకరు ఎఱుగవలెను. ఆ ఎఱుగవలసిన తల్లి అలసి సొలసి యున్నచో ఎవరు ఎఱుగుదురు?

ఇక ఆ తల్లి దినము ఎట్లు గడచునో ఆలోచింపుడు. తెల్లవాఱకముందే లేచును. పంపు నీరు వచ్చు వేళ తప్పినచో ఆ దినమంతయు నీటికి కటకట. వాకిలి ఊడ్చి, పాలు కాచి, వంట మొదలుపెట్టును. గ్యాసు పొయ్యి వచ్చి పొగ తగ్గినది గాని వంటింటి వేడి తగ్గలేదు. ఏప్రిలు నెల చివర బడులకు సెలవు లిచ్చినది మొదలు జూను రెండవ వారము వఱకు పెద్దపిల్లలు కూడ ఇంటనే ఉందురు. పట్టణములనుండి ఆడపడుచులు, వారి పిల్లలు వత్తురు. పెండ్లిండ్లు ఈ నెలలలోనే. ఏడాదికి సరిపడు మిరపకాయలు ఎండవలె, చింతపండు పిక్క తీయవలె, వడియములు పెట్టవలె, ఆవకాయ కలుపవలె. ఇవన్నియు ఎండను నమ్ముకొన్న పనులు. కనుక ఎండలోనే జరుగును. చంకలో బిడ్డతో డాబా మీద వడియముల కడ కాకులను తోలుచు నిలిచిన తల్లిని మనము చూడని వేసవి లేదు. చూచియు, అది పని యని మనకు తోచదు.

ఇందులో మొదట చేయదగినది వేళలు మార్చుట. దీనికి ఒక్క పైసా ఖర్చు లేదు. మధ్యాహ్నపు వంట ఉదయము 8 గంటలకు ముందే ముగియునట్లు ఏర్పాటు చేయవచ్చును. పగటి పూట రెండవసారి పొయ్యి ముట్టింపవద్దని పెద్దలు చెప్పినచో చాలును. కోడలు తనంతట తాను ఆ మాట అనలేదు. వడియములు, మిరపకాయలు పొద్దు పొడుచు వేళ పఱచి, 9 గంటలకు ముందే పైకి పోయిన పని ముగించి దిగిరావచ్చును. కాకులను తోలు పనియా? నీడలో కూర్చుండి కఱ్ఱ ఆడింపగల తాతగారికి అంతకంటె తగిన ఉద్యోగము లేదు. పగలు 12 గంటలనుండి 3 గంటల వఱకు తల్లికిని బిడ్డలకును విశ్రాంతి యని ఇంటిలో ఒక కట్టడి ఏర్పఱుపుడు. ఆ వేళ వచ్చిన చుట్టమునకు మంచినీళ్లు ఇచ్చుటకు ఇంటిలో వేఱు చేతులు ఉండకపోవు.

రెండవది నీడ. రేకుల యింటిలో మధ్యాహ్నము లోపల వేడి బయటి వేడిని మించును. పైకప్పునకు తెల్లసున్నము పూసినచో ఎండ కొంత తిరిగిపోవును. ఈ సూత్రముమీదనే తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పులకై ఒక విధానమును ప్రకటించినది. వాకిట తాటాకు పందిరి, కిటికీకి తడిపిన వట్టివేళ్ల తడక లేక గోనెపట్టా మన పెద్దలు ఎఱిగినవే. తడక కట్టిన కిటికీకి ఎదురుగా మఱియొక కిటికీయో తలుపో తెఱచియుంచవలెను. గాలి పోవు దారి లేనిచో తడి వలన ఉక్కయే పెరుగును. గదిలో వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు విద్యుత్ పంకా కూడ వేడిగాలినే బిడ్డపై కొట్టును. అప్పుడు తడిగుడ్డతో ఒడలు తుడుచుటయే మేలు. బిడ్డకు పలుచని నూలుబట్ట ఒకటి చాలును. దట్టముగా చుట్టి, నెత్తికి టోపీ పెట్టినచో చెమటకాయలు లేచును. ఒడలి వేడియు పోవుటకు దారి ఉండదు.

ఇప్పుడు బాలెంత విషయము. దీనిని గూర్చి కొంత విపులముగా చెప్పవలసి యున్నది.

మన ఇండ్లలో బాలెంతకు నీరు తక్కువగా ఇచ్చు ఆచారము ఇంకను కొన్ని చోట్ల కలదు. గది మూయుట, చెవులలో దూది పెట్టుట, పథ్యము పెట్టుట కూడ అట్టివే. చలిగాలి తగులరాదను జాగ్రత్త చలికాలపు పురిటికి తగియుండవచ్చును. వైశాఖములో వచ్చిన పురిటికి అదే జాగ్రత్త ముప్పు తెచ్చును. తల్లి దినమునకు సుమారు 700 నుండి 800 మిల్లీలీటర్ల పాలు బిడ్డకు ఇచ్చును. ఆ నీరంతయు ఆమె దేహమునుండియే పోవలెను. దానికి తోడు చెమట. రెండు గ్లాసుల నీటితో దినము గడపుమన్నచో ఆమె ఎట్లు నిలుచును?

మా వీథిలో కొన్నియేండ్ల క్రిందట ఒక చిన్నది తొలికానుపునకు పుట్టింటికి వచ్చినది. మే నెల. కిటికీకి దుప్పటి కట్టిరి. దాహమన్నచో పెదవులు తడుపుటకు మాత్రము కాచిన నీరు ఇచ్చిరి. మూడవ దినమున బిడ్డ ఒడలు కాలసాగెను, ఏడ్పు సన్నగిల్లెను. నర్సమ్మ వచ్చి చూచి వెంటనే ఆసుపత్రికి పంపెను. వైద్యుడు పరీక్షించి, జబ్బు వేఱేమియు లేదనియు, గది వేడియు పాల కొఱతయు కారణమనియు చెప్పెను. ఇంటికి తిరిగి వచ్చినప్పుడు ఆ చిన్నదాని అమ్మమ్మ తానే దుప్పటి లాగివేసెను. డెబ్బది యేండ్ల మనిషి. ఇత్తడి చెంబు నిండ నీళ్లు తెచ్చి మంచము ప్రక్క పెట్టి, “అమ్మాయీ, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఈ చెంబు ఖాళీ కావాలి. మళ్లీ నేనే నింపుతాను” అన్నది. ఆ యింటిలో మఱి యెవరు చెప్పినను సాగని మాట ఆమె నోట వచ్చుటతో సాగెను. ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోవుచున్నాడు. అప్పుడే పుట్టిన బిడ్డకు ఒడలు కాలినచో అది వేడి వలననే యని ఇంటిలో నిర్ణయించుకొనరాదు. తప్పక వైద్యునకు చూపవలెను. ఆ యింటివారు ఆ పని చేసిరి కనుకనే బిడ్డ దక్కినది.

పాలు త్రాగు బిడ్డకు నీరు పట్టవలెనా యని పెద్దలు అడుగుదురు. 6 నెలలు నిండువఱకు పట్టనక్కఱలేదు, పట్టరాదు కూడ. తల్లిపాలలో నూటికి సుమారు 87 పాళ్లు నీరే. ఎంత ఎండలోనైనను ఆ నీరు బిడ్డకు చాలును. బయటి నీరు పట్టినచో రెండు నష్టములు. పిడికెడంత కడుపు నీటితో నిండి బిడ్డ పాలు త్రాగుట తగ్గించును. నీటి వెంట రోగబీజములు పోవును. ఎండ హెచ్చిన దినమున బిడ్డను మామూలుకంటె ఎక్కువసార్లు రొమ్మునకు పట్టినచో చాలును. పాలు చాలుచున్నవో లేవో తెలిసికొనుటకు పెద్దలకు ఒక సులభమైన గుఱుతు చెప్పెదను. దండెము మీద ఆఱవేసిన పొత్తిగుడ్డలను లెక్కింపుడు. రాత్రింబగళ్లు కలిసి 6 సార్లకు తక్కువ కాకుండ బిడ్డ గుడ్డ తడిపినచో పాలు చాలినట్లే. ఇంకొక మాట. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపరాదు.

6 నెలలు దాటి అన్నము తిను బిడ్డకు వేసవిలో మఱియొక శత్రువు కలదు, అది విరేచనములు. వేడిలో వండిన పదార్థము త్వరగా చెడును. ఈగలు ముసరును. బావులలో నీరు అడుగంటి మురికియగును. కనుక పప్పు, పాలు కలిసినదేదియు బిడ్డకు నిలువయుంచి పెట్టరాదు. పాలసీసా మెడలోని మురికిని కడుగుట కష్టము. మన పూర్వుల ఉగ్గుగిన్నెయే మేలు. దానిని మరుగు నీటిలో కడిగి వాడవలెను. త్రాగు నీటిని కాచి చల్లార్చి, మూత గల కుండలో పోసి, పొడుగు కాడ గల గరిటెతో తీయవలెను. చేయి ముంచిన నీరు బిడ్డకు పనికిరాదు.

అయినను విరేచనములు పట్టినచో ఏమి చేయవలెను? నీరు పోసినకొలది విరేచనము హెచ్చునని, కడుపు ఎండగట్టుడని కొందఱు చెప్పుదురు. అది ప్రాణాపాయము. బిడ్డ చచ్చునది విరేచనము వలన కాదు. విరేచనముతో దేహములోని నీరును ఉప్పును పోవుటవలన. పోయినదానిని పోయినట్లే తిరిగి ఇచ్చినచో బిడ్డ నిలుచును. ఉత్త నీరు పేగులలో చక్కగా ఇంకదు. ఉప్పును పంచదారయు తగిన పాళ్లలో కలిసినప్పుడు పంచదార ఉప్పును వెంటబెట్టుకొని రక్తములోనికి పోవును. ఉప్పు వెంట నీరు పోవును. ఇంత చిన్న సూత్రము ఎందఱి ప్రాణములనో నిలిపినది. 1971లో తూర్పు బెంగాలునుండి వచ్చిన శరణార్థులలో కలరా వ్యాపించినప్పుడు బనగాఁవ్ శిబిరములో సూదిద్వారా ఎక్కించు సెలైను చాలలేదు. అప్పుడు దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు ఉప్పు, పంచదార కలిపిన నీటిని త్రాగించుచు చికిత్స చేసెను. నూటికి 30 వఱకు ఉండిన మరణములు 4కు లోపునకు దిగినవి. అక్కడ గిన్నె పట్టుకొని ఆ నీటిని త్రాగించినవారిలో రోగుల బంధువులే అనేకులు. అనగా ఈ చికిత్స ఇంటివారు చేయదగిన చికిత్స.

ఆ పొట్లములు ఆశా కార్యకర్త యొద్దను, ఆరోగ్య ఉపకేంద్రములోను దొరకును. పొట్లము మీద వ్రాసినంత నీటిలో మొత్తము పొట్లమును ఒక్కసారి కలుపవలెను. పొట్లము లేనప్పుడు కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో 6 టీ చెమ్చాల పంచదారను, అర టీ చెమ్చా ఉప్పును కలుపుడు. చెమ్చాను తలకొట్టి కొలువవలెను. ఉప్పు హెచ్చినచో కీడు. రుచి చూడుడు. కన్నీటికంటె ఉప్పగా ఉండరాదు. రెండేండ్ల లోపు బిడ్డకు ప్రతి విరేచనము తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకు పై పిల్లలకు 100 నుండి 200 మిల్లీలీటర్లు చెమ్చాతో మెల్లగా పట్టవలెను. వాంతియైనచో 10 నిమిషములు ఆగి మఱల మొదలుపెట్టవలెను. కలిపిన నీరు 24 గంటలకు మించి ఉంచరాదు. తల్లిపాలు గాని, తినుచున్న మెత్తని అన్నము గాని మానరాదు. జింకు మాత్రలు 14 దినములు ఇవ్వవలెను. ఎంత ఇవ్వవలెనో కార్యకర్త చెప్పును.

కన్నులు లోతుకు పోవుట, నాలుక ఎండుట, ఏడ్చినను కన్నీరు రాకుండుట, నడినెత్తిన మెత్తని మాడు గుంటపడుట, పొట్ట మీద చర్మమును పట్టి విడిచినచో మెల్లగా సర్దుకొనుట, మూత్రము తగ్గుట ఇవి అపాయసూచనలు. మాడు దిగినదని మంత్రగానికై వెదకుచు గడపిన ప్రతి గంటయు బిడ్డకు నష్టమే. వెంటనే ఆసుపత్రికి పోవలెను. దారిలో కూడ ఆ నీటిని పట్టుచుండవలెను.

వడదెబ్బ దీనికంటె త్వరగా ముంచును. ఒడలు నిప్పువలె కాలుట, పిలిచినను తెలివి లేకుండుట, ఫిట్లు వచ్చుట దాని గుఱుతులు. బిడ్డను నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒడలంతయు నీటితో తడిపి విసరుచుండవలెను. తెలివి లేని బిడ్డ నోట నీరు పోయరాదు. జ్వరపు మందు దీనికి పనిచేయదు. చల్లార్చుచునే 108కి పిలువవలెను. 2015 మే నెలలో ఆంధ్ర తెలంగాణములలో కలిపి వేయిమందికి మించి వడగాలికి మరణించిరి. ఆ నెలను మనము మఱువరాదు.

కూలికి పోవు తల్లులను గూర్చి ఒక మాట. వేసవిలో చెఱువు పనులకు బిడ్డలను వెంటబెట్టుకొని పోవువారు అనేకులు. 2005 నాటి ఉపాధి హామీ చట్టము పనిచోట త్రాగునీరు, నీడ ఉండవలెననియు, ఆఱేండ్ల లోపు పిల్లలు అయిదుగురు, అంతకు మించి వచ్చినచో వారిని చూచుటకు ఒక స్త్రీని నియమింపవలెననియు విధించినది. ఏ పేరున జరుగు పనియైనను తల్లి యడుగదగిన ఏర్పాటు ఇది. ఒక్క కూలి తల్లి అడిగినచో వినువారు తక్కువ. ఊరిపెద్ద అడిగినచో మఱునాడే పందిరి లేచును.

కొంచెము ఎదిగిన పిల్లల ముప్పు వేఱు. మధ్యాహ్నము తల్లి కను మూసిన గడియలో వారు చెఱువునకు పోవుదురు. పైకి మోకాలిలోతు నీరే కనబడును. మట్టి త్రవ్వుకొనిపోయిన గోతులు లోపల నిలువులోతున ఉండును. ఒకడు జాఱగా వానిని పట్టబోయి రెండవవాడును పోవును. ఇట్టి వార్త లేని వేసవి లేదు. ఈ కాపలా తల్లికి సాధ్యము కాదు. చెఱువు దారి రచ్చబండ ముందునుండియే కదా పోవునది! అక్కడ కూర్చున్న మీ కన్నులే వారికి గట్టు. మధ్యాహ్నము ఒంటరిగా పోవు పిల్లలను పేరు పెట్టి పిలిచి వెనుకకు పంపుడు. గోతుల కడ ముండ్లకంప వేయింపుడు. ఈత నేర్పదలచినచో ఉదయము వేళ, ఈత తెలిసిన పెద్దవాడు వెంట ఉండగా నేర్పుడు.

వేసవి ప్రారంభమున చలివేంద్రము పెట్టించుట మన ఊళ్లలో పుణ్యకార్యము. దారిన పోవు ఎవరో తెలియనివాని దాహము తీర్చుటకు పందిరి వేసి, కుండలు తెచ్చి, మనిషిని పెట్టుదుము. ఆ ధర్మము మన యింటి గడపకు లోపల కూడ చెల్లవలెను. బిడ్డకు పాలిచ్చు కోడలి మంచము ప్రక్క చెంబెడు నీరు, మధ్యాహ్నము మూడు గంటల విశ్రాంతి, “ముందు నీవు తిని పడుకో” అను ఒక మాట ఇవియే నేను మిమ్ము కోరునవి. ఆ మాట మీ నోటనుండి రావలసినదే. తక్కినది తల్లి చూచుకొనగలదు.

సెలవు.